తప్పు పిల్ల వేలిది కాదు, తూటా అంచుది



పోయిన చలికాలంలో మన సంఘంలో ఒక మాట నడిచింది. మన పిల్ల ఒకతె, కాలేజీలో ఎన్‌సీసీ కేడెట్, ఫైరింగ్ సెలెక్షన్‌కు పోయింది. ఇచ్చిన పది తూటాల్లో మూడు పేలలేదు. మారు తూటాలు ఇచ్చారు గానీ, అప్పటికే ఊపిరి తప్పింది, గురి చెదిరింది. పేరు రాలేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది. మనమేమన్నాం? "ఆడపిల్ల కదా, భయపడి ట్రిగ్గర్ సగమే నొక్కి ఉంటది" అన్నాం. కొందరం నవ్వాం కూడా. దాచడం ఎందుకు, ఆ నవ్విన వాళ్లలో మేమూ ఉన్నాం.

అప్పుడు మన తాత ఒకాయన, ఉద్యోగమంతా తూటాల మధ్యనే గడిపిన మనిషి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగాడు.

"పేలని తూటా అంచు మీద సొట్ట పడ్డదా బిడ్డా?"

"పడ్డది తాతా. లోతుగనే పడ్డది. ఉస్తాద్ చూపిచ్చిండు. తిప్పి పెడితే రెండు పేలినయి, ఒకటి పేలనే లేదు."

"అట్లయితే నీ వేలు తన పని తాను చేసింది. ఇంక ఏడ్వకు."

తాత అట్లా ఎందుకన్నాడో తెలుసుకుందామని మేము కూర్చున్నాం. తెలిసింది రాస్తున్నాం. ఇది ఒక చిన్న తూటా కథ, దాదాపు 180 ఏళ్ల కథ. మన పుణె, ఖడ్కీ, దాపోడీ గల్లీల్లో పెరిగిన వాళ్లకు ఇది పూర్తిగా పరాయి కథ కూడా కాదు.

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ముందు సీసపు గుండు, దాని వెనక ఇత్తడి ఖోకా, ఖోకాలో మందు, ఆ మందును అంటించే నిప్పురవ్వ మసాలా. ఈ మసాలానే ప్రైమర్ అంటారు. పెద్ద రైఫిల్ తూటాలో ప్రైమర్ అడుగున నడిమధ్య ఒక చిన్న గిన్నెలో ఉంటుంది. మన పిల్లలు కాల్చే పాయింట్ టూ టూ తూటాలో అట్లా కాదు. అడుగున చుట్టూ ఉన్న సన్నటి అంచు లోపల, బోలుగా ఉన్న మడతలో ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితే మసాలా రగులుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు.

దీని మొదలు ఫ్రాన్స్‌లో. 1845 ప్రాంతంలో ఫ్లోబెర్ అనే తుపాకుల పనివాడు ఒక క్యాప్ మూతికే చిన్న గుండు బిగించాడు. వేరే మందు లేదు, క్యాప్ రవ్వే గుండును తోసేది. ధనవంతుల ఇళ్లలో హాలులో ఆడుకునే ఆట తుపాకీకి అది సరిపోయింది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ వాళ్లు ఆ దారిలోనే మందు కూడా పెట్టి పాయింట్ టూ టూ షార్ట్ తూటా, దానికి తగిన రివాల్వర్ తెచ్చారు. అదే 1857లో మన దేశంలో కొవ్వు పూసిన కాగితం తూటాల మీద సిపాయిలు తిరగబడ్డారు. ఇక్కడ పళ్లతో కొరికి నింపే తూటా, అక్కడ అన్నీ ఒక్క లోహపు డబ్బీలో ఇమిడిన తూటా. ఒకే ఏడాదిలో రెండు కాలాలు.

తూటా పేలకపోవడం మాత్రం అప్పటి నుంచీ ఉన్న తలనొప్పే. 1860లో అమెరికాలో హెన్రీ రైఫిల్ వచ్చింది, పాయింట్ ఫోర్ ఫోర్ రిమ్‌ఫైర్ తూటాతో. దాని ఫైరింగ్ పిన్‌కు ఒక మొన కాదు, రెండు మొనలు పెట్టారు. అంచు మీద ఒకవైపు మసాలా పలుచగా ఉన్నా రెండోవైపు దెబ్బకు పేలుతుందని. అంటే తయారుచేసిన వాళ్లకే ఆ అంచు మీద పూర్తి నమ్మకం లేదు! మన పిల్ల మీద పడిన నింద 160 ఏళ్ల కిందనే వాళ్లు తూటా మీద వేసి ఉన్నారు.

సైన్యాలు ఎక్కువ కాలం ఆగలేదు. 1866 ప్రాంతంలో అమెరికాలో బెర్డాన్, ఇంగ్లండ్‌లో కర్నల్ బాక్సర్ నడిమధ్య ప్రైమర్ ఉండే తూటాలు చేశారు. రిమ్‌ఫైర్‌కు ఒక పుట్టు లోపం ఉంది. పిన్ నలపగలగాలంటే అంచు పలుచగా ఉండాలి. పలుచగా ఉంటే ఎక్కువ మందు పెట్టలేం, ఖోకా చీలుతుంది. అందుకే యుద్ధానికి నడిమధ్య ప్రైమర్ తూటాలు పోయాయి, సాధనకు, చిన్న వేటకు, పోటీలకు రిమ్‌ఫైర్ మిగిలింది. మన ఖడ్కీ ఫ్యాక్టరీ 1869లో మొదలైంది, సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న కాలంలోనే. మరాఠీలో దారూగోళా అనే ఆ పని మీదనే ఎన్నో ఇళ్ల పొయ్యిలు వెలిగాయి.

ఈ రోజు కేడెట్లు, క్రీడాకారులు వాడే పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటా 1887లో అమెరికాలో పుట్టింది. మొదట్లో ప్రైమర్‌లో పాదరసం మసాలా, పొటాషియం క్లోరేట్ ఉండేవి. కాల్చాక బ్యారెల్‌లో ఉప్పు మిగిలి తుప్పు పట్టేది. 1920ల చివర తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చాయి. మసాలా మారింది గానీ, దాన్ని అంచులోకి పంపే చిక్కు మారలేదు.

ఆ చిక్కు ఇది. తడి మసాలాను ఖాళీ ఖోకాలో వేసి, ఖోకాను గిర్రున తిప్పుతారు. తిరిగే వేగానికి మసాలా అడుగు అంచులోకి చేరుతుంది. తర్వాత ఆరబెడతారు. మజ్జిగ చిలికినప్పుడు కుండ అంచుకు చిమ్మినట్టు అనుకోండి. అన్నివైపులా సమంగా చేరితే మంచిదే. ఒక మూల కొంచెం తక్కువ చేరిందా, పిన్ సరిగ్గా అక్కడే కొట్టిందా, టక్కుమని శబ్దం వస్తుంది, తూటా పేలదు. దాన్నే కొంచెం తిప్పి మళ్లీ పెడితే పిన్ వేరేచోట తగిలి పేలుతుంది. ఉస్తాద్ చేసింది అదే.

ఇక చవక సంగతి. పోటీ తూటాలను యాభై చొప్పున గూళ్ల పెట్టెలో నిలబెట్టి అమ్ముతారు. చవక రకాలను వందల లెక్కన ఒకే డబ్బాలో కుమ్మరించి అమ్ముతారు. పాయింట్ టూ టూ గుండు మీద మైనం పూత బయటకే ఉంటుంది. ఒకదానికొకటి రాసుకుంటే పూత పోతుంది, మెత్తటి సీసం సొట్ట పడుతుంది, దుమ్ము అంటుకుంటుంది. గుండు ఖోకాలో వదులు కావచ్చు. మందు ఒకదానిలో కాస్త ఎక్కువ, ఒకదానిలో కాస్త తక్కువ పడితే గుండు వేగం మారుతుంది, గురి పైకీ కిందకీ పోతుంది. పేలిన ఊపుతోనే తర్వాతి తూటాను ఎక్కించుకునే రకం తుపాకుల్లో బలం చాలని తూటా వస్తే ఖోకా సగంలోనే ఇరుక్కుంటుంది. ధర తగ్గించాలంటే తనిఖీ తగ్గుతుంది, వేగంగా తీస్తారు. వందల్లో ఒకటి రెండు పోయినా సాధనకు ఫరవాలేదు అనే లెక్క అది. సెలెక్షన్‌లో ఆ ఒకటి రెండూ ఒకే పిల్ల వంతుకు వస్తే మాత్రం ఆ లెక్క ఆమెకు చెల్లదు.

న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. ప్రతిసారీ తప్పు తూటాదే కాదు. చాంబర్‌లో మైనం, సీసం పేరుకుంటే తూటా పూర్తిగా కూర్చోదు. పిన్ దెబ్బ అంచును నలపకుండా తూటాను ముందుకు తోస్తుంది. రెండో దెబ్బకు పేలుతుంది. పిన్ అరిగినా, స్ప్రింగ్ సడలినా సొట్ట పైపైనే పడుతుంది. అందుకే తాత మొట్టమొదట సొట్ట లోతు అడిగాడు. సొట్ట పైపైన ఉంటే రైఫిల్‌ను చూడాలి, లోతుగా ఉంటే తూటాను చూడాలి.

మరి వేలు? అసలు విషయం ఇక్కడే ఉంది. బోల్ట్ రైఫిల్‌లో పిన్‌ను కొట్టేది స్ప్రింగ్, వేలు కాదు. ట్రిగ్గర్ ఆ స్ప్రింగ్‌ను వదిలే గడియ మాత్రమే. గడియ తీస్తే తీసినట్టు, లేకపోతే లేనట్టు. భయపడి నొక్కినా, ధైర్యంగా నొక్కినా స్ప్రింగ్ దెబ్బ ఒక్కటే. సొట్ట పడిందంటే పిల్ల ట్రిగ్గర్ నొక్కినట్టే. సగం నొక్కడం అనే మాట మన నోట్లో పుట్టింది, తుపాకీలో లేదు.

పిల్లలకు ఒక జాగ్రత్త. తూటా పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవకూడదు. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, చెయ్యెత్తి ఉస్తాద్‌కు చెప్పాలి. ఒక్కోసారి మసాలా ఆలస్యంగా రగులుతుంది. శబ్దం మరీ చిన్నగా వస్తే ఇంకా ప్రమాదం, గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు. దాని వెనక ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ చీలవచ్చు. మన పిల్ల మూడుసార్లూ చెయ్యెత్తి ఆగింది. దాన్నే మనం భయం అన్నాం.

2024లో పారిస్‌లో కాంస్యం తెచ్చిన మన కొల్హాపూర్ జిల్లా స్వప్నిల్ కుసాళే, ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచిన హైదరాబాద్ అమ్మాయి ఈశా సింగ్, ఇద్దరూ ఈ చిన్న అంచు తూటాతోనే గెలిచారు. ఆ స్థాయి వాళ్లు తమ బ్యారెల్‌కు ఏ తూటా కుదురుతుందో పరీక్షించి ఎంచుకుంటారు. మన పిల్లలకు ఆ ఎంపిక లేదు, చేతికి వచ్చిందే కాల్చాలి.

పిల్ల మళ్లీ సెలెక్షన్‌కు పోతానంటున్నది. వచ్చే ఆదివారం సంఘం హాలులో తాత పిల్లలకు తూటా బొమ్మ గీసి ఇదంతా చెబుతానన్నాడు. ఫ్యాక్టరీలో పనిచేసి దిగిన మన పెద్దలు ఇంకెవరున్నా రండి, మీకు తెలిసిందీ చెప్పండి. ఆ రోజు నవ్విన మేము ముందు వరుసలో కూర్చుంటాం. మొదట ఆ పిల్లకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, అది చెప్పాకే కూర్చుంటాం.