పొట్టకు బిగించిన పట్టీ నేర్పిన పాఠం

స్థూలకాయానికి చేసే శస్త్రచికిత్సల్లో ఒకప్పుడు ఎంతో ఆదరణ పొంది, కొద్ది ఏళ్ళలోనే దాదాపు కనుమరుగైన పద్ధతి ఒకటుంది. అదే గ్యాస్ట్రిక్ బ్యాండ్. దాని చరిత్ర తెలిస్తే, ఏ కొత్త చికిత్సనైనా ఎలా బేరీజు వేయాలో మీకు బోధపడుతుంది.

జీర్ణాశయం పైభాగాన పట్టీ బిగించి, తినే ఆహారాన్ని తగ్గించే ప్రయత్నాలు 1970ల చివర మొదలయ్యాయి. ఆ తొలి పట్టీలను ఒకసారి బిగించాక సరిచేసే వీలుండేది కాదు. 1986లో అమెరికాలో లూబొమిర్ కుజ్మాక్ సర్దుబాటుకు వీలైన సిలికోన్ పట్టీని ప్రవేశపెట్టారు. చర్మం కింద అమర్చిన చిన్న పోర్టులోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీసివేస్తే వదులవుతుంది. 1993లో ఇథియోపియాలో జన్మించిన వైద్యుడు మితికు బెలాచ్యూ, బెల్జియంలో దీనిని ల్యాప్రోస్కోపీ ద్వారా అమర్చారు. 2001లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లభించింది.

జీర్ణాశయాన్ని కోయనక్కరలేదు, పేగుల దారి మళ్ళించనక్కరలేదు, కావాలంటే తీసివేయవచ్చు. ఈ సౌలభ్యం రోగులనూ వైద్యులనూ ఆకట్టుకుంది. 2011 నాటికి అమెరికాలో బరువు తగ్గించే శస్త్రచికిత్సల్లో సుమారు మూడోవంతు ఇవే.

కాలం గడిచేకొద్దీ లోపాలు బయటపడ్డాయి. కొందరిలో పట్టీ జారింది. కొందరిలో జీర్ణాశయపు గోడను ఒరుసుకుని లోపలికి చొచ్చుకుపోయింది. మరికొందరిలో అన్నవాహిక సాగిపోయింది. చాలామందికి మళ్ళీ శస్త్రచికిత్స అవసరమైంది.

ఇంకో కారణమూ ఉంది. ఆకలిని ప్రేరేపించే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అది ప్రధానంగా జీర్ణాశయం పైభాగంలో తయారవుతుంది. స్లీవ్ శస్త్రచికిత్సలో ఆ భాగాన్ని చాలావరకు తొలగిస్తారు. పట్టీ మాత్రం ఆహారం వెళ్ళే దారిని ఇరుకు చేస్తుందే తప్ప ఆ భాగాన్ని తొలగించదు. స్లీవ్ ప్రాచుర్యం పెరిగింది. 2010ల చివరికి అమెరికాలో పట్టీ వాటా ఒక శాతం దరిదాపులకు పడిపోయింది.

పట్టీతో బరువు తగ్గనివారిని "నోరు కట్టుకోలేకపోయారు" అని నిందించడం తేలిక. అది న్యాయం కాదు. ఆకలి కేవలం మనోబలానికి సంబంధించిన విషయం కాదని ఈ చరిత్రే చెబుతోంది.

మీకుగానీ మీ బంధువులకుగానీ ఇలాంటి పట్టీ ఉంటే, ఎన్నేళ్ళయినా సరే, తరచూ వాంతులు, ఆహారం అడ్డుపడటం, ఛాతీలో మంట, పోర్టు దగ్గర వాపు కనిపిస్తే వెంటనే సర్జన్‌ను కలవండి. కొత్తగా ఏ శస్త్రచికిత్సకైనా సిద్ధపడుతుంటే, మొదటి ఏడాదిలో ఎన్ని కిలోలు తగ్గుతానని మాత్రమే అడగకండి. పదేళ్ళ తరువాత పరిస్థితి ఏమిటని కూడా అడగండి.