ఎర్రగుడి బండ, ఆన్‌లైన్ యుద్ధం: చరిత్ర ఎవరిది, కల్పన ఎవరిది?

2018 మే నెలలో బ్యాటిల్‌ఫీల్డ్ ఫైవ్ అనే యుద్ధక్రీడ ప్రచారచిత్రం విడుదలయింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు ఇంటర్‌నెట్‌లో కలిసి ఒకేసారి ఆడే ఆట అది. నేపథ్యం రెండో ప్రపంచయుద్ధం. ఆ చిత్రంలో కృత్రిమ చెయ్యి ఉన్న ఒక స్త్రీ ముందువరసలో నిలబడి పోరాడుతుంది. ఆమెని చూడగానే వేలమంది మగ ఆటగాళ్ళకి చరిత్ర మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది. యుద్ధంలో ఆడవాళ్ళెక్కడున్నారు, చరిత్రని వక్రీకరిస్తారా, ఇది మా బ్యాటిల్‌ఫీల్డ్ కాదు అని ఒకటే గొడవ. ఇదే ఆటలో తూటా దెబ్బకి చచ్చిన సైనికుడు కొద్ది సెకన్లలో లేచి మళ్ళీ తుపాకీ పట్టుకుంటాడు. దానిమీద ఎవరికీ అభ్యంతరం లేదు. మగవాడు చచ్చి బతకడం వాస్తవం, ఆడమనిషి తుపాకీ పట్టడం కల్పన!

ఆ యుద్ధంలో ఒక్క సోవియట్ సైన్యంలోనే దాదాపు 8 లక్షలమంది స్త్రీలు పనిచేశారు. లుద్మీలా పావ్లిచెంకో 309 మంది శత్రుసైనికులని కాల్చినట్టు లెక్క. రాత్రిపూట బాంబులు వేసిన 588వ విమానదళం మొత్తం ఆడవాళ్ళదే. సినిమాలో చూపించిన స్త్రీ సోవియట్ సైనికురాలు కాదు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగనివ్వండి. కానీ ఆ ప్రశ్న వేసే నోరు అంతకు నాలుగేళ్ళ ముందు ఎందుకు మూతపడిందో కూడా చూడాలి. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే ఆట వచ్చింది. ఫ్రెంచి విప్లవకాలపు పారిస్‌లో నలుగురు ఆటగాళ్ళు కలిసి హంతకుల పాత్రలు ధరించే ఆట. నలుగురూ మగవాళ్ళే. స్త్రీ పాత్రలు పెడితే కదలికలన్నీ మళ్ళీ గియ్యాలి, పని రెట్టింపవుతుంది అన్నారు తయారుచేసినవాళ్ళు. 1789 అక్టోబరులో వెర్సాయికి నడిచి రాజుని పారిస్‌కి లాక్కొచ్చింది ఆడవాళ్ళు. 1793లో మరాని పొడిచి చంపింది షార్లట్ కార్డే. విప్లవం మొత్తంలో అందరికీ గుర్తున్న హంతకురాలే ఆ హంతకుల ఆటలో ఆడదగ్గ పాత్ర కాలేకపోయింది. అప్పుడు మాత్రం చరిత్ర పాడయిందని ఎవరూ ఇంత గోల చెయ్యలేదు.

అంటే చారిత్రక వాస్తవికత, కల్పన అనే ఈ జంటపదాలు సాక్ష్యాధారాలకి సంబంధించినవి అనుకుంటే మోసపోతాం. మైదానంలోకి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అని తేల్చే కాపలా మాటలివి. ఇదేమీ కంప్యూటర్లతో పుట్టిన కాపలా కాదు. నేనిది పడమటి కర్నూలు నుంచి చెప్పాలనుకుంటున్నాను.

గుత్తి నుంచి పత్తికొండ వెళ్ళే దారిలో, తుగ్గలి మండలం జొన్నగిరి దగ్గర, ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర్లో ఇవి వెలుగులోకి వచ్చాయి. పద్నాలుగు పెద్ద శిలాశాసనాలతోపాటు చిన్న శిలాశాసనం కూడా ఇక్కడ ఉండడం అరుదు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకి నడుస్తాయి. చెక్కినవాడు ఎందుకలా చెక్కాడో అని పండితులు తలలు బద్దలు కొట్టుకున్నారు. నన్ను ఆపేసినవి వేరే.

మొదటి శాసనంలో అశోకుడు జనం గుమిగూడి జరుపుకునే ఉత్సవాలని, సమాజాలని, వద్దంటాడు. వాటిలో దోషాలు కనిపిస్తున్నాయట, కొన్ని మాత్రం మంచివేనట. నాలుగో శాసనంలో యుద్ధభేరి స్థానంలో ధర్మఘోష వచ్చిందని చెప్పుకుంటూ, ప్రజలకి దివ్య విమానాలు, ఏనుగులు, అగ్నిరాశులు, ఇంకా అనేక దివ్యరూపాలు చూపించామంటాడు. ఆ ప్రదర్శనలు ఎలా జరిగాయన్నది పండితుల చర్చ. మనకి కావలసింది ఒకటుంది. జనం ఆడుకునే ఆట దోషం, రాజు చూపించే అద్భుతం ధర్మం. కళింగయుద్ధం గురించి పదమూడో శాసనంలో చచ్చినవాళ్ళ లెక్క చెప్పిన వాస్తవికుడే ఆకాశవిమానాల కల్పనని కూడా పాలనాసాధనంగా వాడుకున్నాడు. రెండూ ఒకే బండమీద, ఒకే గొంతులో.

ఇక తొమ్మిదో శాసనం. జబ్బు చేసినప్పుడు, పెళ్ళిళ్ళకి, పిల్లలు పుట్టినప్పుడు, ప్రయాణాలప్పుడు జనం రకరకాల క్రతువులు చేస్తారంటాడు. ముఖ్యంగా ఆడవాళ్ళు అల్పమైన, అర్థంలేని క్రతువులు ఎన్నో చేస్తారట. తుగ్గలి నేలమీద స్త్రీల గురించి ఇంతకంటే పాత రాత నాకు తెలీదు. అందులో మనం కనిపించేది ఇలా! రాజు చూపే అగ్నిరాశి దివ్యం, తల్లి బిడ్డకి తీసే దిష్టి అల్పం. పన్నెండో శాసనంలో స్త్రీల వ్యవహారాలు చూసే మహామాత్రుల ప్రస్తావన కూడా ఉంది. తమ గురించి ఆ ఉద్యోగులకి ఆడవాళ్ళేం చెప్పుకున్నారో మాత్రం ఏ బండా చెప్పదు.

ఇక్కడికి పడమటి దిక్కున, బళ్ళారి దాటితే హంపి. 1520 ప్రాంతాల్లో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పాయెస్, అంతఃపురంలో కత్తీడాలూ పట్టే స్త్రీలున్నారని, కుస్తీ పట్టేవాళ్ళు, బాకాలూదేవాళ్ళు ఉన్నారని రాశాడు. మొత్తం 12 వేలమంది అన్నాడు. అంకె పెంచి చెప్పి ఉండవచ్చు. 1535 ప్రాంతంలో వచ్చిన నూనిజ్ మరో సంగతి రాశాడు. కోటలోపలి ఖర్చుల లెక్కలు రాసేవాళ్ళు ఆడవాళ్ళట. రాజ్యవ్యవహారాలు రాసి, బయటి లేఖకుల పుస్తకాలతో సరిచూసేవాళ్ళూ ఆడవాళ్ళేనట.

ఈ వాక్యాలు దొరగ్గానే ఇదిగో మన వీరవనితలు అని ఎగిరి గంతెయ్యడం నాకిష్టం లేదు. ఆ కత్తి పట్టిన స్త్రీలలో ఎందరు తమ ఇష్టంతో అక్కడికి వచ్చారు? ఎందరిని యుద్ధాల్లో పట్టుకొచ్చారు? కోటగుమ్మం దాటి బయటికి వెళ్ళే హక్కు ఎందరికుంది? ఆ గుమ్మం కాపలా కాసే పని కూడా వాళ్ళదే అయితే దాన్ని స్వేచ్ఛ అనగలమా? అయినా ఒక సంగతి తేలుతుంది. విజయనగరం నేపథ్యంగా ఎవరైనా ఆట తయారుచేసి, అందులో కత్తి పట్టిన స్త్రీని, లెక్కలు రాసే స్త్రీని పెడితే అది కల్పన కాదు. పెట్టకపోవడమే కల్పన.

కల్పన అనే మాటని స్త్రీలు తమకోసం ఎలా వాడుకున్నారో కూడా చూడాలి. పద్నాలుగో శతాబ్దంలో బుక్కరాయల కోడలు గంగాదేవి, భర్త కంపరాయల మధుర దండయాత్ర మీద సంస్కృతంలో మధురావిజయం రాసింది. పూర్వకవులని స్తుతిస్తూ మన తిక్కనని కూడా తలుచుకుంది. 1916లో తిరువనంతపురంలో తాళపత్రప్రతి దొరికేదాకా ఈ కావ్యం సంగతి లోకానికి తెలీదు. సమకాలీన యుద్ధం గురించి, ఆ యుద్ధం చేసినవాడి ఇంట్లో ఉన్న స్త్రీ రాసిన కావ్యం. చరిత్రకారులకి ఇంతకంటే ఏం కావాలి? అయితే అందులో ఒక స్త్రీ ప్రత్యక్షమై, మధుర దేశపు దుస్థితి చెప్పి, కంపరాయలకి దివ్యఖడ్గం ఇస్తుంది. చరిత్రకారులు ఈ భాగం దగ్గర కాస్త ఇబ్బందిపడి, మిగతాదంతా ఏరుకుంటారు. నాకు మాత్రం ఆ కావ్యంలో అన్నిటికంటే నిజమైన చోటు అదే అనిపిస్తుంది. యుద్ధరంగంలో గంగాదేవికి చోటు లేదు. కత్తి ఎవరి చేతుల్లోంచి రావాలో నిర్ణయించే అధికారం మాత్రం కవిగా ఆమెకుంది. ఆ అధికారాన్ని ఆమె రాజు దండయాత్రకి, శత్రువుని రాక్షసుణ్ణి చెయ్యడానికి ధారపోసిందన్నది కూడా నిజం. స్త్రీ రాసింది కాబట్టి ఆ సంగతి దాటవెయ్యలేం.

మన జానపద సినిమాల కల్పన వేరే దారిలో పోయింది. పాతాళభైరవి (1951) నాటినుంచి రాకుమారి అంటే సాహసానికి దక్కే బహుమతి. 2015లో బాహుబలి మొదటి భాగం వచ్చేసరికి అవంతిక చేతికి కత్తి వచ్చింది. కానీ హీరో వచ్చి బలవంతంగా ఆమె దుస్తులు మార్చి, కాటుక పెట్టి, ఆడదాన్ని చేశాక గానీ ఆమె కథ ముందుకి సాగలేదు. ఆన్‌లైన్ కల్పిత లోకాల్లో మంత్రగత్తెలకీ ఇదే గతి. మగ యోధుడికి నిలువెల్లా ఇనుపకవచం, ఆమెకి రెండు పేలికలు. వాస్తవికత ఆమెని మైదానం బయట నిలబెడితే, కల్పన లోపలికి రానిచ్చి బట్టలు విప్పుతుంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ విషయం కొంచెం ఆశ్చర్యకరమైనది. 1997లో వచ్చిన మొదటి ఆటలో గ్రామస్థులందరూ మగవాళ్ళు. 1999 నాటి రెండో ఆటలో ఆడా మగా ఇద్దరూ వచ్చారు. ఆమె కట్టెలు కొడుతుంది, పొలం దున్నుతుంది, బంగారం తవ్వుతుంది, కోట కడుతుంది. పనిలో ఇద్దరికీ తేడా లేదు. చరిత్ర పాడయిందని దీనిమీద ఎవరూ రగడ చెయ్యలేదు, ఎందుకంటే కూలి చేసే ఆడమనిషి ఎవరి కంటికీ ఆనదు. పదిహేడో శతాబ్దంలో కృష్ణాతీరపు కొల్లూరు వజ్రపు గనులు చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ దాదాపు 60 వేలమంది పనిచేస్తున్నారని, మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళూ పిల్లలూ మట్టి మోస్తున్నారని రాశాడు. వాస్తవికత గురించి పెద్ద మాటలేవీ చెప్పకుండానే ఆ ఆట ఈ సాక్ష్యానికి దగ్గరగా వచ్చింది.

తెలుగువాళ్ళ సంగతికొస్తే ఆ ఆట బాగా తడబడింది. 2013లో ఇండియన్లు అని అందరినీ ఒక మూటగా కట్టారు. 2022లో ఆ మూట విప్పి బెంగాలీలు, గూర్జరులు, ద్రవిడులు అని కొత్త జాతులు చేశారు. మనం ద్రవిడులలో కలిసిపోయాం. ఆ సైనికులు మాట్లాడేది తమిళం, వాళ్ళ కథ రాజేంద్రచోళుడిది, వాళ్ళ బలం కాల్బలమూ ఓడలూ. వాళ్ళకి భారీ ఆశ్వికదళం లేదు. విజయనగర రాజు ఏటా 13 వేల గుర్రాలు కొంటాడని నూనిజ్ రాసిన సంగతి ఎవరికి కావాలి? సముద్రం ముఖం చూడని నల్లరేగడి నేల ఆదోని. ఆ కోటకోసం విజయనగరం, బహమనీలు కొట్టుకున్నారు. 1568లో అది ఆదిల్‌షాహీల చేతికి పోయింది, 1786లో టిప్పు ముట్టడించాడు, 1800లో దత్తమండలాలతోపాటు కుంపిణీకి వెళ్ళింది. నాలుగు శతాబ్దాలపాటు గుర్రపు డెక్కలకింద నలిగిన ఈ నేలకి ఆ ఆటలో దక్కింది ఓడ.

కంప్యూటర్ అక్కర్లేని సామూహిక యుద్ధక్రీడ మన దగ్గరే ఒకటుంది. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి మాళమ్మ, మల్లేశ్వరుల కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తుల కోసం ఊళ్ళకి ఊళ్ళు ఇనుపచుట్లు వేసిన కర్రలతో, కాగడాలతో తలపడతాయి. నెరణికి, కొత్తపేట ఒకవైపు, తక్కిన ఊళ్ళు ఇంకోవైపు. మణి, మల్లాసురులనే రాక్షసుల సంహారం దీని వెనకున్న కథ. రాక్షసులు కల్పన, పగిలిన తలలు వాస్తవం. ఏటా ముందుగానే పోలీసులు, వైద్యశిబిరం సిద్ధంగా ఉంటారు. ఈ ఆటలో చచ్చినవాడు సెకన్లలో లేవడు. మైదానం మధ్యలో అమ్మవారి మూర్తి ఉంటుంది, చుట్టూ కర్ర తిప్పేవాళ్ళు మగవాళ్ళే. దేవత యుద్ధానికి కారణం, ఆడవాళ్ళు పసుపు అద్దే చేతులు. పాతాళభైరవి రాకుమారికీ దేవరగట్టు మాళమ్మకీ నాకు పెద్ద తేడా కనిపించడం లేదు. ఈ మాట అక్కడివాళ్ళకి కోపం తెప్పించవచ్చు.

ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో కుర్రాళ్ళ చేతుల్లో వేరే యుద్ధం ఉంది. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీని నిషేధిస్తే 2021లో అది పేరు మార్చుకుని తిరిగొచ్చింది. పత్తి, మిరప కోతలకి గుంటూరు వలసపోయే కుటుంబాల్లో ఫోన్ మొదట ఎవరి చేతికి వెళ్తుందో చెప్పక్కర్లేదు. ఆడే అమ్మాయిలున్నారు. మగ పేరు పెట్టుకుంటారు, మైక్ తెరవరు. గొంతు వినపడితే చాలు, తూటాలు ఆగి బూతులు మొదలవుతాయి. తెరమీద ఆడబొమ్మని ఎంచుకుని తిరిగే మగపిల్లలకి ఈ బాధ లేదు. ఆడబొమ్మ అభ్యంతరం కాదు, దాని వెనక ఆడమనిషి ఉండడమే అభ్యంతరం. బ్యాటిల్‌ఫీల్డ్ గొడవ అసలు దేని గురించో ఇక్కడ బాగా తెలుస్తుంది. కాకతీయ రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపించడానికీ, ఈ అమ్మాయి మగ పేరుతో ఆటలోకి దిగడానికీ మధ్య ఏడు శతాబ్దాలకి పైగా గడిచాయి.

చివరగా వజ్రాల మాట. మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో వజ్రాలు భూమి అడుగున దొరుకుతాయి. ఇనుప గునపం ఉంటే చాలు, తవ్వినవాళ్ళవే. దాంట్లో కూడా మొదట ఉన్నది స్టీవ్ అనే మగబొమ్మే, అలెక్స్ 2014లో వచ్చింది. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో తొలకరి పడగానే వజ్రాలు పైకి తేలతాయి. పక్కనే వజ్రకరూరు దాకా కింబర్లైట్ రాళ్ళున్న నేల ఇది, వాన మట్టిని కడిగేస్తే రాయి మెరుస్తుంది. కృష్ణదేవరాయల కాలంలో రాసులు పోసి అమ్మిన వజ్రాలే ఇవని జనం చెప్పుకునే కల్పన ఒకటి, భూగర్భశాస్త్రం చెప్పే వాస్తవం ఒకటి. రెండూ ఒకే పొలానికి తీసుకొస్తాయి. అనంతపురం, కడప, బళ్ళారి వైపునుంచి కూడా కుటుంబాలు వచ్చి గుడుల్లో, చెట్లకింద ఉంటాయి. విత్తు వేసిన చేలో తొక్కుతున్నారని రైతులు తరుముతారు. ఆడవాళ్ళు చంటిపిల్లని చెట్టుకింద పడుకోబెట్టి, నడుం వంచి, సాలు సాలుకీ వెతుకుతూ పోతారు. దొరికితే రాయి పట్టుకుని వ్యాపారి దగ్గరికే వెళ్ళాలి, ధర చెప్పేది అతనే. మర్నాడు పేపర్లో వజ్రం బరువు ఉంటుంది, పలికిన ధర ఉంటుంది, పొలం ఏ ఊరిదో ఉంటుంది. దొరికినామె పేరుండే చోట మహిళా కూలీ అని ఉంటుంది.