మన దరఖాస్తు వాళ్లు చూస్తారా? ఆ హక్కు వెనక కథ

పిడుగురాళ్ల నుంచి మాట్లాడుతున్నాను. మా ఊరి పేరు చెబితే సున్నపు బట్టీలే గుర్తొస్తాయి. ఆ బట్టీల దగ్గర పనిచేసే ఏ తండ్రైనా కొడుకు ఆ తెల్ల దుమ్ములోకి రాకూడదనే కోరుకుంటాడు. అలాంటి ఇంటి కుర్రాడొకడు మొన్న దరఖాస్తు దిద్దించుకోవడానికి వచ్చి, "మాలాంటోళ్ల కాగితం అసలు చూస్తారా మాస్టారూ?" అన్నాడు. వాడికి చెప్పిందే మీకూ చెబుతాను.

ఒకప్పుడు చూడాల్సిన పనే లేదండీ. 1959లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొన్ని మినహాయింపులు పోను, ఖాళీలు ఉంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలియజేయాలని దాని సారాంశం. తెలియజేయాలన్నారు గానీ, అక్కడి వాళ్లనే తీసుకోవాలని ఆ చట్టం అనలేదు. కానీ ప్రభుత్వం విడిగా ఆదేశాలిచ్చి, తన కొలువులకు ముందు ఎక్స్ఛేంజి పంపిన పేర్లే చూడమంది. 1987లో హరగోపాల్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ ఆదేశాలు సరైనవేనంది. ఇష్టం వచ్చినవాళ్లని దొడ్డిదారిన పెట్టుకోవడం కంటే అది నయం కదా అన్నది అప్పటి ఆలోచన.

మరి మన పల్నాడు కుర్రాడి సంగతి? మా రోజుల్లో డెబ్బై కిలోమీటర్ల దూరం గుంటూరు వెళ్లి పేరు రాయించుకోవాలి. కార్డు రెన్యువల్ చేయించుకుంటూ కాల్ లెటర్ కోసం ఎదురుచూడాలి. ఎక్స్ఛేంజి పేరు పంపకపోతే, ఎంత చక్కగా అర్జీ రాసినా లెక్కలోకి రాదు.

దీన్ని మార్చిన కేసు అప్పట్లో మన పక్క జిల్లాగా ఉన్నచోటిదే. ఎక్సైజ్ సూపరింటెండెంట్, కృష్ణా జిల్లా వర్సెస్ కె.బి.ఎన్. విశ్వేశ్వరరావు. 1996 ఆగస్టులో తీర్పొచ్చింది. ఎక్స్ఛేంజి పేర్లతో పాటు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టాలి, దరఖాస్తు చేసిన అందరినీ పరిశీలించాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. పేరు పంపనంత మాత్రాన అర్హుడు అవకాశం కోల్పోకూడదన్నది అందులోని న్యాయం.

ఇక ఇంటర్వ్యూ. 1980లో శ్రీనగర్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్ల మీద అజయ్ హాసియా కేసులో తీర్పు వచ్చింది. రాతపరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50. రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి, తండ్రి ఎవరు, ఊరేది అని మాత్రమే అడిగారని పిల్లలు మొరపెట్టుకున్నారు. ఇంటర్వ్యూకి అన్ని మార్కులా, మొత్తంలో 15 శాతం దాటకూడదు అంది కోర్టు. 2016 జనవరి 1 నుంచి కేంద్రం గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి కొలువులకు ఇంటర్వ్యూలే తీసేసింది. మన దగ్గర 2019లో సచివాలయం ఉద్యోగాలు కూడా ఇంటర్వ్యూ లేకుండా, రాతపరీక్ష పెట్టి ఇచ్చారు.

అలాగని పొంగిపోవద్దు. పరిశీలించమన్నారు గానీ, ఉద్యోగం ఇచ్చి తీరాలనలేదు. పైగా ప్రైవేటు కంపెనీ మీద ఆ తీర్పు పట్టు లేదు. అక్కడ ఇప్పటికీ ఉత్తరం, ఇంటర్వ్యూ రెండూ మనమే నెట్టుకురావాలి.

అందుకే ఆ కుర్రాడి కాగితం మళ్లీ రాయించాను. "కడు బీదవాడను, దయతలచి" అని మొదలుపెట్టాడు. అది కొట్టేశాను. ప్రకటన నంబరు, పోస్టు పేరు పైన పెట్టించాను. అడిగిన అర్హతలు ఒక్కొక్కటే తీసుకుని, ఎదురుగా తన దగ్గరున్న రుజువు రాయమన్నాను. సెలవుల్లో బట్టీ దగ్గర లారీల లెక్క రాశాడట. అది దాచాడు. అదే ముందు రాయమన్నాను. ఇంటర్వ్యూలో అడిగేది ఆ కాగితంలోంచే కాబట్టి, ప్రతి వాక్యానికీ రెండు నిమిషాలు మాట్లాడేలా ఇంట్లో వాళ్ల నాన్న ముందే సాధన చేయమన్నాను.

వెళ్లేటప్పుడు ఒక్క మాట చెప్పాను: "దయ అడగబాకు నాయనా, పరిశీలించమని అడుగు. నకలు, రసీదు మాత్రం దాచుకో." మీక్కూడా అదే చెబుతున్నాను. ఉంటానండీ.