ముప్పావు కర్ర

తెల్లవారుజాము మూడు. డేరా జిప్పు మంచుకు బిగుసుకుపోయింది, నోటి ఆవిరి ఊదితే గానీ కదల్లేదు. మా ఊరు దర్శిలో ఇదే వేళకు నాయన పత్తి తీతకు కూలీలను లేపుతుంటాడు. నేనూ బావా తలకు లైట్లు కట్టుకుని ఉత్తరకాశీ జిల్లాలోని కేదార్‌కంఠ ఎక్కుతున్నాం. ఎత్తు 3,810 మీటర్లు. చిన్నపిల్లలూ ఎక్కుతారని సాంక్రీలో దిగినప్పటి నుంచి వింటూనే ఉన్నాం. ఆ మాటే మోసం.

ఆరవుతుండగా గైడ్ ఆగిపోయాడు. మీద కొండంతా నున్నగా, దిండులా ఉబ్బి ఉంది. రెండు రోజులుగా వీచిన గాలి అవతలి మంచును తెచ్చి ఇటు పోసింది. అతను ఒక కర్ర నిలబెట్టి, రెండోది అడ్డంగా పట్టి దాని కొన వాలుకు ఆనించాడు. అది నిలువు కర్రకు సగంలో తగిలితే 27 డిగ్రీలు, పైకొసన తగిలితే 45. ముప్పావులో తగిలింది. అంటే 37. మంచు పలకలు ఎక్కువగా జారేది 30కి 45కి మధ్యనే.

బూటుతో తట్టాడు. ఖాళీ గాదెను తట్టినట్టు బోలు చప్పుడు. జానెడు తవ్వి పిడికెడు నా చేతిలో పోశాడు. పంచదార పలుకుల్లా వేళ్ల సందున జారిపోయింది. పైన గట్టి పలక, కింద ఈ పలుకులు. దిగిపోదాం అన్నాడు.

"ఇంత దూరమొచ్చి వెనక్కి పోయేదేంది రా?" బావకు కోపం.

కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా తూర్పున మబ్బు పడితే నాయన చినుకు కోసం చూడడు, పట్టా లాగేస్తాడు. వాన రాకుంటే పోయేది ఒక పూట కష్టమే. అదే చెప్పాను. నెల్లూరు మల్లి మస్తాన్‌బాబు పేరు మాత్రం ఎత్తలేదు. 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కిన మనిషి 2015లో ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఇదే ఉత్తరకాశీ జిల్లాలో, 2022 అక్టోబరులో ద్రౌపదీ కా డాండా మీద పర్వతారోహణ నేర్చుకుంటున్న వాళ్లనే మంచు కప్పేసింది. చీకట్లో ఆ మాటలెందుకు?

ఎండ తగిలి మంచు మెత్తబడకముందే దిగాం, మనిషికీ మనిషికీ ఎడం ఉంచుకుంటూ. ఎనిమిదిన్నరకల్లా క్యాంపులో టీ.

ఆ వాలు ఆ రోజు జారలేదు. బావ మధ్యాహ్నం దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.