మూడు ఘన్‌పూర్‌లు, ఒక జాబితా

మా వెబ్‌సైటులో ఆదరణ కూడికల జాబితా ఒకటి ఉంటుంది. అందులో ఒకసారి "ఘన్‌పూర్, ఉదయం 10 గంటలకు" అని మాత్రమే వేశాం. మహబూబాబాద్ నుంచి ఒక కుటుంబం అది చూసి, రైల్లో వచ్చి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగింది. కూడిక అక్కడ కాదు, భూపాలపల్లి జిల్లా ఘన్‌పూర్‌లో. చిన్నప్పుడు తమకు సండే స్కూల్లో వాక్యం నేర్పిన టీచరమ్మ కోసం బయలుదేరిన వాళ్లు దారిలోనే వెనుదిరిగారు. తప్పు ముమ్మాటికీ మాదే. ఆ తరువాతే మా జాబితాలన్నీ తీసి మళ్లీ రాయడం మొదలుపెట్టాం. సంఘాల వెబ్‌సైట్లు నడుపుతున్న యౌవనస్థులకు పనికొస్తుందని, నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నాం.

ముందు ఊళ్ల సంగతి. జనగామ జిల్లాలోనే రెండు ఘన్‌పూర్‌లున్నాయి: స్టేషన్ ఘన్‌పూర్, లింగాల ఘన్‌పూర్. మూడోది ఘన్‌పూర్ (ములుగు). గణపురం అని కూడా రాస్తారు. పేరులో ములుగు ఉన్నా అది ములుగు జిల్లాలో లేదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ జిల్లా విడిపోయి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలయ్యాయి. ఖమ్మం జిల్లాలోని గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లోకి, కరీంనగర్ జిల్లాలోని కాటారం, మహదేవపూర్ భూపాలపల్లిలోకి వచ్చాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు కూడా భూపాలపల్లి నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. చాలా సంఘాల జాబితాల్లో మాత్రం ఇవన్నీ ఇంకా "వరంగల్ జిల్లా" అనే ఉన్నాయి. కొన్ని వరుసల్లో పాత జిల్లా, కొన్నింటిలో కొత్త జిల్లా ఉంటే చదివేవారు దేన్ని నమ్మాలి?

బైబిలు చదివేవారికి ఈ ఇబ్బంది కొత్త కాదు. యెహోషువ 19:15లో జెబూలూను గోత్రపు వంతులో ఒక బేత్లెహేము ఉంది. అందుకే మత్తయి 2:1 ఊరి పేరుతో ఆగక, అది యూదయ దేశానిదని చెప్పింది. యెహోషువ 15లో యూదా పట్టణాలను దక్షిణం, మైదానం, మన్యం, అరణ్యం అని ప్రాంతాలవారీగా విడదీసి, గుంపు ముగిసిన చోట లెక్క చెప్పారు. ఎజ్రా 2 చూడండి: వంశం పేరు, వెంటనే సంఖ్య, మళ్లీ వంశం పేరు, మళ్లీ సంఖ్య. చదవడానికి విసుగనిపించవచ్చు గానీ, తన వంశం కోసం వెతికేవాడికి ఆ ఒకే తీరే ఆధారం.

మేమూ అదే చేశాం. ప్రతి వరుసలో ఊరు, మండలం, జిల్లా, సమయం, ఫోను ఈ క్రమంలోనే వస్తాయి. ఫోను నంబరు తెలియకపోతే ఆ చోట "నంబరు అందలేదు" అని రాస్తాం తప్ప దాన్ని ఎత్తేయం. సమయం ఒకచోట "పదిన్నర", ఇంకోచోట "10:30" అని ఉండకూడదు, అంకెలే వాడతాం. జనగామ, జనగాం అని రెండు రకాలుగా రాస్తే వెతికినప్పుడు ఒకటి దొరికి ఒకటి దొరకదు, కాబట్టి ఒక్కటే ఖాయం చేసుకున్నాం. స్టేషన్ ఘన్‌పూర్‌ను "స" కింద పెట్టాలా, "ఘ" కింద పెట్టాలా అని మాలో మాకే చాలాసేపు వాదన నడిచింది. చివరికి మూడింటినీ "ఘ" కిందనే పక్కపక్కన పెట్టాం. ఒకటి చూసినవారికి మిగతా రెండూ ఉన్నాయని కూడా తెలుస్తుంది.

తెలుగు లిపికి ఇంకో అవసరం ఉంది. పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం ఇస్తే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. అక్షరాల సైజుకు 1.7 రెట్లు వరుస ఎత్తు ఇచ్చాక మా పెద్దలు ఫోన్లో కళ్లజోడు సర్దుకోకుండా చదవగలిగారు. వరుసలన్నీ ఎడమ అంచునే మొదలవ్వాలి. మధ్యకు సర్దితే పోస్టరులా అందంగా ఉంటుంది గానీ, కన్ను ప్రతిసారీ మొదలెక్కడో వెతుక్కోవాలి.

పోస్టరు మాట వచ్చింది కాబట్టి: చాలామంది జాబితాను బొమ్మగా చేసి పెట్టేస్తారు. వాట్సాప్‌లో పంపడానికి సరే. వెబ్‌సైటులో మాత్రం ఆ బొమ్మలోని నంబరును నొక్కితే ఫోను కలవదు, ఊరి పేరుతో వెతికితే దొరకదు. చూపులేని సహోదరులకు ఫోను చదివి వినిపించేది అక్షరాలనే. పైగా జాబితాను వెబ్‌పేజీలో జాబితాగానే గుర్తు పెడితే, ఇందులో ఇన్ని అంశాలున్నాయని స్క్రీన్ రీడర్ ముందే చెబుతుంది. ఊరికే గీతలు, చుక్కలు టైపు చేస్తే చెప్పదు. అలాగే అను ఫాంట్లలో కొట్టించిన పాత కరపత్రం నుంచి నేరుగా అతికిస్తే ఇంగ్లీషు గజిబిజి వస్తుంది. యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి.

ఇప్పుడు మా పేజీలో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల జాబితాలు ఒకే తీరులో ఉన్నాయి. మీ ఊరి వరుసలో మండలం గాని జిల్లా గాని పాతదే కనబడితే సంఘ కార్యదర్శి ద్వారా తెలియజేయండి, ఆ వారమే సరిచేస్తాం.