బంధం విప్పే నీరు

ఖమ్మంలో కలిసిపోయిన ఖానాపురం హవేలి నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి గోదావరి వైపు సాగితే అశ్వాపురం వస్తుంది. మణుగూరు భారజల కర్మాగారం ఉన్నది అక్కడే. 1991 చివర్లో మొదలైన ఆ కర్మాగారం మన అణు రియాక్టర్లకు కావలసిన భారజలాన్ని గోదావరి నీటి నుంచే తీస్తుంది. అదెలా సాధ్యమైందో తెలియాలంటే ముందు ద్రావణుల సంగతి చూడాలి.

ద్రావణి మారితే రసాయన చర్య వేగం మారుతుందని 1862లోనే ఫ్రాన్సులో బెర్తెలో, ఆయన సహచరుడు గమనించారు. 1890లో రష్యా శాస్త్రవేత్త మెన్షుట్కిన్ ట్రైఇథైల్ అమీన్, ఇథైల్ అయొడైడ్‌ల చర్యను 23 ద్రావణుల్లో పరీక్షించాడు. హెక్సేన్‌లో కంటే బెంజైల్ ఆల్కహాల్‌లో అది 700 రెట్లకు పైగా వేగంగా జరిగింది. ధన, రుణ ఆవేశాల మధ్య ఆకర్షణను ద్రావణి తగ్గిస్తుందని 1893లో నెర్న్‌స్ట్, థామ్సన్ వేర్వేరుగా చెప్పారు. హెక్సేన్ ఆ ఆకర్షణను సగానికి తగ్గిస్తే, నీరు దాదాపు 80వ వంతుకు తెస్తుంది.

ఇక అశ్వాపురంలో నీటితో పాటు వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే ఈ వాయువు నుంచి ఒక ప్రోటాన్‌ను విడిగా లాగాలంటే మోల్‌కు 1,400 కిలోజౌళ్లకు పైనే కావాలి. నీళ్లలో సుమారు 40 చాలు! తెగిన రెండు ముక్కలనూ నీటి అణువులు చుట్టుముట్టి నిలబెడతాయి, మిగతా శక్తి అక్కడి నుంచే వస్తుంది. నాకు రసాయనశాస్త్రంలో ఇంతకు మించిన అద్భుతం కనబడదు.

అలా నీళ్లలో హైడ్రోజన్ ఊడుతూ, అతుక్కుంటూ ఉంటుంది కనుక దాని స్థానంలోకి భారజలంలో ఉండే బరువైన హైడ్రోజన్, అంటే డ్యుటీరియం, చేరడానికి ఉత్ప్రేరకం అక్కర్లేదు. 1931లో యూరీ డ్యుటీరియాన్ని కనుగొన్నాక, 1943లో జర్మనీలో గైబ్, అమెరికాలో స్పెవాక్ ఒకరికొకరు తెలియకుండా నీటికీ హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ మధ్య డ్యుటీరియాన్ని మార్పిడి చేసే ఈ పద్ధతిని రూపొందించారు. సుమారు 30 డిగ్రీల చల్లని టవర్లో డ్యుటీరియం నీటిలోకి, 130 డిగ్రీల వేడి టవర్లో వాయువులోకి మొగ్గుతుంది. మామూలు నీటిలో 10 లక్షల హైడ్రోజన్ పరమాణువులకు 150 దాకానే ఉండే డ్యుటీరియాన్ని అంచెలంచెలుగా పోగుచేసి, చివర్లో స్వేదనంతో 99.8 శాతానికి తెస్తారు.

తూత్తుకుడి భారజల కర్మాగారం వాడింది మరో పద్ధతి, అమ్మోనియా-హైడ్రోజన్ దారి. హైడ్రోజన్ అణువు బంధాన్ని విప్పడం అమ్మోనియా ఒక్కదాని వల్ల కాదు. అందుకే అందులో ఉత్ప్రేరకంగా పొటాషియం అమైడ్ కలిపేవారు.

నీరు చేసే ఈ మేలుకు ఖరీదూ ఉంది. పొడిగా ఉంటే ఉక్కు జోలికి పెద్దగా పోని హైడ్రోజన్ సల్ఫైడ్, తడి తగిలితే దాన్ని తినేస్తుంది. పైగా అది ప్రాణాంతకమైన విషవాయువు. అందుకే కర్మాగారంలో లోహం ఎంపిక దగ్గర్నుంచి ప్రతి అతుకు దాకా అన్నీ కీలకమే.

కెమిస్ట్రీ చెప్పే మాస్టార్లకు ఒక విన్నపం. బంధశక్తుల పట్టిక బోర్డు మీద రాసినప్పుడు ఆ అంకెలు వాయుస్థితివని చెప్పండి. నీటిలో ఏమవుతుందో వివరించడానికి అశ్వాపురాన్నే ఉదాహరణగా చూపండి.