బల్దా పోయింది, బల్దియా మిగిలింది

నలభై నాలుగేళ్లపాటు ఒక జిల్లా కలెక్టరు పక్క జిల్లాలో కూర్చుని ఏలాడంటే నమ్ముతారా? మన రంగారెడ్డి జిల్లా సంగతే. 1978 ఆగస్టు 15న జిల్లా పుట్టింది. కలెక్టరేటు మాత్రం హైదరాబాద్ జిల్లాలోని లక్డీకాపూల్‌లో 2022 దాకా ఇల్లరికం ఉంది. ఎల్బీ నగర్ మనిషి కలెక్టరుకు అర్జీ పెట్టుకోవాలంటే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట దాటి, సొంత జిల్లా వదిలి బస్సులో పోవాల్సి వచ్చేది.

ఈ తమాషాకు మూలం వెతుకుతూ పోతే అత్రాఫ్-ఎ-బల్దా తగిలింది. బల్దా అంటే నగరం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కలు. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న పల్లెలన్నీ కలిపిన జిల్లాకు పెట్టిన పేరది. అందులో పెద్ద భాగం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత జాగీరు. మామూలు జిల్లాల శిస్తు దివానీ ఖజానాకు చేరితే, ఈ ఊళ్ల శిస్తు నేరుగా ప్రభువు గారి సొంత సంచిలో పడేది. ఆ దర్జాకు గుర్తు ఇప్పటికీ మెట్రో దారిలో కనిపిస్తుంది. సరూర్‌నగర్‌లో నిజాం మహబూబ్ అలీ పాషా మహలే తర్వాత విక్టోరియా మెమోరియల్ అనాథాశ్రమమైంది. అక్కడి స్టేషనుకూ ఆ పేరే. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ సర్కారులో కలిసిపోయింది. నిజాముకు పరిహారంగా ఏటా 25 లక్షల రూపాయలు ముట్టజెప్పారు. అత్రాఫ్ హైదరాబాద్ జిల్లాలో కరిగిపోయింది.

1978లో దాన్నుంచి విడిపోయిన మన జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి గారంటే గౌరవమే. కానీ ఎల్లలు తన పేరులోనే చెప్పుకునే జిల్లా మళ్లీ దొరుకుతుందా? గుంత పూడ్చలేదని మనం తిట్టే నగరపాలిక ‘బల్దియా’లో మాత్రం ఆ బల్దా ఇంకా బతికుంది.

నిజాంల కంటే ముందు శతాబ్దాలకు హయత్‌నగర్‌కు పేరిచ్చిన కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం ఒక్కరే నాకు చేతికందిన ఆనవాలు. జిల్లా పుట్టిన తర్వాతి మార్పులు గబగబా చెప్పేస్తాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, సరూర్‌నగర్ మండలమైంది. 2007 ఏప్రిల్ 16న ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం సహా 12 మున్సిపాలిటీలు హైదరాబాద్ నగరపాలికతో కలిసి జీహెచ్ఎంసీ అయ్యాయి. 2009 ఎన్నికల నాటికి ఎల్బీ నగర్ మల్కాజిగిరి లోక్‌సభ కిందికి వెళ్లింది. 2016లో రంగారెడ్డి మూడు ముక్కలైంది. ఆ ఏడే ఇక్కడి పోలీసు కమిషనరేటుకు ఎక్కడో కొండ మీది రాచకొండ కోట పేరొచ్చింది.

ఒకచోట గుమాస్తా నా కాగితాలు తిరగేసి, “ఉత్తరం మీద హైదరాబాద్, కార్డు మీద రంగారెడ్డి. ఏది నిజం సార్?” అన్నాడు. రెండూ నిజమేనని నచ్చజెప్పేసరికి మధ్యాహ్నమైంది.

ఇప్పుడు కలెక్టరేటు ఇబ్రహీంపట్నం వైపు కొంగరకలాన్‌లో, సొంత జిల్లాలోనే ఉంది. జిల్లా కోర్టుకైతే ఎల్బీ నగరే రావాలి.